భీమిలి ఇసకలో ఒక గీత గీయించండి

పర్యాటక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది విశాఖ. ఏటా రెండు మూడుసార్లు పిల్లలతో భీమిలి వెళ్తాం. దారిలో ఎర్రమట్టి దిబ్బలు, అక్కడికి చేరాక లైట్‌హౌస్, డచ్చివాళ్ల సమాధులు, గోస్తని నది సముద్రంలో కలిసే చోటు. ఇవన్నీ మీకు తెలిసినవే. ఈ సంక్రాంతి సెలవుల్లో జరిగిన సంగతి ఒకటి మీతో చెప్పాలి.

పొద్దున ఎనిమిది కాలేదు. ఒకామె ఇసక మీద పాత వల పరిచి నెత్తళ్ల చేపలు ఆరబోస్తోంది, ఒకదాని మీద ఒకటి పడకుండా చేత్తో సర్దుతూ. జనాన్ని షికారు తిప్పే నాలుగు చక్రాల బైకు ఒకటి ఆ వల అంచు మీంచే పోయింది. నడిపేవాడు ఆగలేదు. వెనక కూర్చున్నాయన వీడియో తీసుకుంటున్నాడు. ఆమె తిట్టలేదు. నలిగినవి ఏరి పక్కన పడేసి, మిగతావాటి మీద ఇసక ఊదుతూ, "రోజూ ఉన్నదే బాబూ, బండొస్తే మేమే జరుగుతాం" అంది.

ఎక్కడికి జరుగుతారండీ? అటు రోడ్డు, ఇటు సముద్రం.

పోయినేడాది మా పిల్లలూ అలాంటి బండే ఎక్కారు. డబ్బులిచ్చింది నేనే.

పర్యాటకం వద్దనడం లేదు. తీర నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) మీద కేంద్రం 2011లో ఇచ్చిన నోటిఫికేషన్‌లోనే మత్స్యకారుల ఊళ్లు, వాళ్ల ఉమ్మడి స్థలాలు, చేపలు ఎండబెట్టే చోట్లు మ్యాపుల్లో చూపించాలని ఉంది. అది ఇసక మీద కూడా కనబడాలి. నాలుగు రాళ్లు పాతించి, బళ్లు రాకూడదని తెలుగులో బోర్డు పెట్టించండి. ఎండబెట్టుకోడానికి ఎత్తుగా ఒక సిమెంటు గట్టు, ఆడవాళ్లకి ఒక మరుగుదొడ్డి కట్టిస్తే ఇంకా మంచిది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలకి వేట నిషేధం. సరిగ్గా అప్పుడే వేసవి సెలవులు, మా బోటివాళ్లం ఒడ్డు మీద పడతాం. పడవలూ ఒడ్డునే, వలలు బాగుచేసుకునేదీ అక్కడే. ఆ లోపే పని కావాలి. వేటకి వెళ్లలేని కుర్రాళ్లని ఆ రెండు నెలలూ జీతమిచ్చి గోస్తని మొగ దగ్గర, నీళ్లలో దిగేవాళ్లకి కాపలా పెట్టండి. నీళ్లు ఎక్కడ లాగుతాయో వాళ్లకి బాగా తెలుసు.

వచ్చేటప్పుడు ఆమె దగ్గరే అరకిలో నెత్తళ్లు కొన్నాం. ఎంత కడిగి వండినా పంటికింద ఇసక తగిలింది.

ఇట్లు,
విశాఖ నుంచి ఒక సందర్శకుడు