41 నుంచి 54 వరకు నంబర్లున్న యాంప్లిఫయర్లు వాపస్ పంపండి

నమస్తే.

నేను కట్టి ఇచ్చిన మీ వాల్వు (వెలిగే గాజు గొట్టాల) యాంప్లిఫయర్ వెనక, ఫ్యూజు పక్కన నేను చేత్తో చెక్కిన నంబరు ఒకటి ఉంటుంది. అది 41 నుంచి 54 లోపు ఉంటే ఇది మీకే రాస్తున్నాను. అందులో ఉన్న రెండు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్లు నేను మీకు చెప్పిన సరుకు కాదు. రెండూ మార్చి ఇస్తాను. పైసా తీసుకోను, రానుపోను కార్గో ఖర్చు కూడా నాదే. మిగతా నంబర్లవాళ్ల డబ్బాల్లో ఏ తేడా లేదు. కొత్తగా ఆర్డర్ ఇచ్చినవాళ్లు మాత్రం చివరిదాకా చదవండి.

సంగతి బయటపెట్టింది నేను కాదు. ముందు అది ఒప్పుకోవాలి. చేర్యాల వైపు నుంచి 47వ నంబరు తీసుకున్న తమ్ముడొకాయన పోయిన నెల ఫోన్ చేశాడు. "అన్నా, పాటలు మంచిగనే ఉన్నయ్. ఒగ్గు కథ పెడితేనే డోలు డోలు లెక్క లేదు. రేకు డబ్బా మీద కొట్టినట్టున్నది" అన్నాడు. స్పీకర్ చూసుకో తమ్మీ అన్నాను. వారం తర్వాత మళ్లీ చేస్తే, గది చిన్నదేమో అన్నాను. మూడోసారి రికార్డింగే బాగాలేదన్నాను. మూడుసార్లూ తప్పు ఆయన మీదికే నెట్టాను. నాలుగోసారి ఫోన్ లేదు. పదకొండు కిలోల డబ్బా ఒళ్లో పెట్టుకుని బస్సులో హనుమకొండ వచ్చి దిగాడు.

బల్ల మీద పెట్టి, స్పీకర్ బదులు 8 ఓమ్‌ల డమ్మీ లోడు తగిలించి, 1000 హెర్ట్జ్ సిగ్నల్ ఇచ్చాను. సిగ్నల్‌ను అలగా గీసి చూపే ఆసిలోస్కోప్ తెర మీద అల నున్నగా, గీసిపెట్టినట్టు వచ్చింది. "చూడు, పది వాట్లంటే పది వాట్లే" అన్నాను, కొంచెం గట్టిగానే. ఆయన ఏమీ మాట్లాడలేదు. డమ్మీ లోడు తీయించి, నా 12 అంగుళాల స్పీకర్ పెట్టించి, తన ఫోన్‌కు వైరు తగిలించి వాల్యూమ్ తిప్పాడు. డోలు మోగింది. మోగడం కాదు, డబ్బా కొట్టినట్టే ఉంది. అప్పుడు మళ్లీ లోడు పెట్టి సిగ్నల్‌ను 40 హెర్ట్జ్‌కు, అంటే బాగా కింది శబ్దానికి, దించాను. నాలుగు వాట్లు రాకముందే అల ఒక పక్కకు కూలిపోయింది, తవ్విన గుట్ట మీద నుంచి మొరం జారినట్టు. ఆ తమ్ముడికి ఆసిలోస్కోప్ గురించి ఏమీ తెలియదు. "గిదేనా అన్నా డోలు?" అన్నాడు. గిదే అన్నాను.

ఇక్కడ నా తప్పు నేనే రాసుకుంటాను. మొదటి 40 యాంప్లిఫయర్లకూ ప్రతి ట్రాన్స్‌ఫార్మర్‌ను కింది శబ్దాల దగ్గర పూర్తి పవర్‌లో పరీక్షించాను. ఆ 14 మాత్రం దసరాకు ఇస్తానని మాట ఇచ్చినవి. ఒక్కోదానికి అరగంట పట్టే పని అది. ఆరేళ్లుగా అదే మనిషి దగ్గర వైండింగ్ చేయిస్తున్నాను, ఎప్పుడూ తేడా రాలేదు, ఇప్పుడేం వస్తుందిలే అని 1000 హెర్ట్జ్ ఒక్కటీ చూసి పంపేశాను. మా బాపు కాలం నాటి సీరీస్ బోర్డు (కరెంటు దారిలో బల్బు అడ్డం పెట్టిన బోర్డు) మీద మొదటిసారి కరెంటు ఇవ్వడం, 100 వాట్ల బల్బు ఒకసారి వెలిగి మెల్లగా మందగించడం, నాలుగు ఈఎల్84 వాల్వుల కేథోడ్ దగ్గర వోల్టేజి రాసుకోవడం, ఇవన్నీ శ్రద్ధగానే చేశాను. చేయాల్సిన ఆ ఒక్కటే చేయలేదు.

షెల్ఫులో అదే లాట్‌వి రెండు ట్రాన్స్‌ఫార్మర్లు మిగిలాయి. ఒకటి విప్పాను. అసలు అందులో ఏముండాలో తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను. వాల్వు ఎక్కువ వోల్టేజితో తక్కువ కరెంటు ఇస్తుంది. స్పీకర్‌కు కావాల్సింది తక్కువ వోల్టేజితో ఎక్కువ కరెంటు. ఈ రెంటికీ మధ్యవర్తి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్. రెండు ఈఎల్84 వాల్వులకు కావాల్సిన 8000 ఓమ్‌లను 8 ఓమ్‌ల స్పీకర్‌తో కలపాలి, అంటే వెయ్యి రెట్ల తేడా. చుట్ల నిష్పత్తి దానికి వర్గమూలం, 31.6. నేను రాసిచ్చింది ప్రైమరీ (వాల్వుల వైపు తీగ) 2600 చుట్లు, సెకండరీ (స్పీకర్ వైపు తీగ) 82 చుట్లు. ప్రైమరీని మూడు ముక్కలు చేసి మధ్యలో సెకండరీని రెండు ముక్కలుగా పెట్టాలి. కోరుకు, అంటే మధ్యలో ఉండే ఇనుప దిమ్మెకు, 0.27 మిల్లీమీటర్ల సీఆర్‌జీవో (ట్రాన్స్‌ఫార్మర్ల కోసమే చేసే మేలురకం ఉక్కు) స్టాంపింగ్స్, అంటే కోసిన రేకులు, 40 మిల్లీమీటర్ల దొంతర.

మూత తీయగానే అట్టముక్క రాలిపడింది. కోరుకు అటొకటి, ఇటొకటి. మిఠాయి డబ్బా అట్ట, దాని మీద గులాబీ రంగులో సగం లడ్డూ బొమ్మ. దొంతర 40 ఉండాల్సిన చోట 32 మాత్రమే వేసి, మూత వదులుగా ఊగకుండా అట్ట కుక్కారు. స్టాంపింగ్ ఒకటి లాగి స్క్రూగేజీలో పెడితే 0.5 మిల్లీమీటర్లు. మామూలు ఇనుము. వైండింగ్‌లో ముక్కలూ లేవు, మధ్యలో పెట్టడమూ లేదు. కింద ప్రైమరీ అంతా ఒక్కటే, పైన సెకండరీ అంతా ఒక్కటే.

ఆ రాత్రి అన్నం తిన్నాక సెకండరీ విప్పుతూ కూర్చున్నాను. నేనొక చుట్టు విప్పితే మా ఆవిడ పళ్లెంలో ఒక చింతగింజ వేసింది. గింజలు 47 అయ్యేసరికి తీగ అయిపోయింది. ఇద్దరం మళ్లీ లెక్కపెట్టాం. 47ను 31.6తో గుణిస్తే ప్రైమరీ 1485 చుట్లు. 2600కు బదులు 1485. రెండువైపులా సమానంగా కోసేశాడు కాబట్టి నిష్పత్తి చెక్కుచెదరలేదు, నిష్పత్తి చూసే పరీక్షకు దొరకలేదు. కానీ కింది శబ్దాలను నిలబెట్టే ఇండక్టెన్స్ చుట్ల వర్గాన్ని బట్టి ఉంటుంది. చుట్ల వల్లే అది మూడోవంతుకు పడిపోతుంది, ఇనుము నాసిరకం అయితే ఇంకా కింద. 1000 హెర్ట్జ్ దగ్గర అది సరిపోతుంది. 40 దగ్గర వాల్వుల కరెంటు స్పీకర్‌కు పోకుండా ఆ ఇనుమును మేపడానికే చాలదు.

మీలో చాలామందికి ఇన్నాళ్లూ తేడా తెలియలేదంటే మీ చెవుల తప్పు కాదు. చిన్న వాల్యూమ్‌లో ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం తక్కువ, పైగా అవుట్‌పుట్‌లో కొంత ఇన్‌పుట్‌కు వెనక్కి ఇచ్చే ఫీడ్‌బ్యాక్ చిన్న లోపాలను సర్దేస్తుంది. పాత సినిమా పాటల రికార్డింగుల్లో అంత కింది శబ్దం ఎలాగూ తక్కువే. డోలు దాచనివ్వదు.

వైండింగ్ మనిషికి ఫోన్ చేశాను. పేరు చెప్పను, అడగకండి. ఎక్కువ వాదించలేదు ఆయన. "రాగి రేటు చూసినవా? గా పైసలకు గంతే వస్తది" అన్నాడు. సరే, రేటు పెరిగింది. నాకు చెప్పొచ్చుగా? ఒక్కోదానికి ఇంకో అయిదారు వందలు అడిగితే కాదనేవాణ్ణా? నాలుగు నెలలు ఆగమంటే ఆగేవాణ్ణి. అట్టముక్క పెట్టేముందు ఒక్క ఫోన్ చేయలేకపోయాడు. ఆ మాట అడిగితే ఇంకోటి అన్నాడు, అది ఇప్పటికీ అరగలేదు. "నీ కస్టమర్లంతా ముసలోళ్లే కద, పాత పాటలు వింటరు, వాళ్లకేం తెలుస్తది?" ఫోన్ పెట్టేశాను. ఆరేళ్ల లెక్క రెండు నిమిషాల్లో తెగింది. మిగిలిన బాకీ మర్నాడే పంపించాను, పైసాతో సహా. ఎందుకు పంపావని మా తమ్ముడు తిట్టాడు. నా పేరు మీద ఆయన నోట ఇంకో మాట రాకూడదని పంపాను.

డబ్బు సంగతి కంటే నన్ను ఎక్కువ ఏడిపించింది ఇంకొకటి. 14 మందిలో తేడా ఉందని ఫోన్ చేసింది ఒక్కరే. మిగతా 13 మందికి చెప్పాలా వద్దా? ఇందులో ఆలోచించడానికేముంది అనొచ్చు మీరు. నేను కూడా మొదటి రోజు అదే అనుకున్నాను. రెండో రోజు మంథని సార్ గుర్తొచ్చారు. 52వ నంబరు ఆయనది. రిటైరైన టీచరు. చిన్న స్పీకర్లు, చిన్న వాల్యూమ్, పొద్దున పద్యాలు, రాత్రి పాత పాటలు. నెలకోసారి ఫోన్ చేసి "నీ డబ్బా నాకు తోడురా" అంటారు. ఆయన వినేవాటిలో ఈ తేడా ఎప్పటికీ బయటపడదు. ఇప్పుడు నేను ఫోన్ చేసి మీ దాంట్లో లోపం ఉందంటే, ఆ క్షణం నుంచి ఆయన పాట వినరు, లోపం వింటారు. ఉన్న సంతోషాన్ని చెడగొట్టి, దాన్ని నిజాయితీ అనుకుని నేను హాయిగా పడుకోవడం ఏం న్యాయం? చెప్పకుండా ఉంటే ఎవరికీ నష్టం లేదు అని ఒక రాత్రంతా నన్ను నేను ఒప్పించుకున్నాను. తెల్లారేసరికి ఆ మాట ఎక్కడో విన్నట్టు అనిపించింది. "వాళ్లకేం తెలుస్తది." అదే మాట, నా నోట కొంచెం మర్యాదగా.

పొద్దున ఏడింటికి సార్‌కు ఫోన్ చేసి మొత్తం చెప్పాను, చింతగింజలతో సహా. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "డబ్బా మాత్రం నా ఇల్లు దాటదు. కావాలంటే నువ్వే వచ్చి మార్చు" అన్నారు.

ఇక ముందు సంగతి. ఇంకొక వైండింగ్ షాపుకు పోను. విదేశీ ట్రాన్స్‌ఫార్మర్లు తెప్పించి ధర అంత పెంచు, ఎవరు అడుగుతారు అని సలహా ఇచ్చినవాళ్లకు దండం. కాజీపేటలో ఫ్యాన్ మోటార్లు చుట్టే షాపు మూసేస్తుంటే, కౌంటర్ ఉన్న చేతి మెషిన్ కొన్నాను. నేనే చుడుతున్నాను. ఒక్కోటి మూడున్నర గంటలు పడుతోంది. ఇప్పటికి ఎనిమిది పూర్తయ్యాయి, రెండు తగలేశాను. 36 గేజీ తీగ మీద 1900 చుట్ల దగ్గర తుమ్మొస్తే ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది. ప్రతి ట్రాన్స్‌ఫార్మర్‌నూ 40 హెర్ట్జ్‌లో పది వాట్ల దగ్గర నడిపి, ఆసిలోస్కోప్ ఫొటో తీసి, మీ నంబరు రాసి మీ ఫోన్‌కు పంపుతాను. తూకం కూడా వేస్తాను. తూకం ముందే వేసి ఉంటే ఇదంతా రాయాల్సిన పనే ఉండేది కాదు.

వారానికి ఇద్దరివి చేయగలను, అంతకంటే తొందరపెట్టకండి. మీ వంతు వచ్చినప్పుడు నేనే ఫోన్ చేస్తాను, అప్పటిదాకా నిశ్చింతగా వాడుకోండి. 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) పెట్టి చూశాను, ఇన్సులేషన్ బాగానే ఉంది. ఎప్పుడైనా లోపల ఇన్సులేషన్ దెబ్బతిన్నా స్పీకర్ వైరు ఒక కొస చాసిస్‌కు (లోహపు డబ్బాకు), చాసిస్ ఎర్త్‌కు కలిసి ఉంది కాబట్టి ఫ్యూజు పోతుంది. కానీ మీ గోడలోని మూడో పిన్ను వెనక నిజంగా ఎర్త్ ఉండాలి. పాత ఇళ్లలో అది ఉత్తి బొక్కే. ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి చూపించండి. స్పీకర్ వైరు ఊడదీసి మాత్రం ఆన్ చేయొద్దు, లోడు లేకపోతే ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజి విపరీతంగా ఎగిరి నిజంగానే కాలిపోతుంది. పంపేటప్పుడు వాల్వులు తీసి, ఏది ఏ బేసులోదో కాగితం మీద రాసి, మీ దగ్గరే ఉంచుకోండి.

కొత్త ఆర్డర్లు ఉగాది దాకా తీసుకోను. అడ్వాన్స్ ఇచ్చిన ఆరుగురికి పాత ధరే. ఆగలేమంటే చెప్పండి, అదే రోజు డబ్బు వాపస్. లోపల చైనా బోర్డు, పైన వాల్వులు షోకు అని ఈ మధ్య ఎవరో ప్రచారం చేస్తున్నారట. వాళ్లు ఎప్పుడైనా షాపుకు రండి, కింది ప్లేటు విప్పి చూపిస్తాను. ట్యాగు స్ట్రిప్పుల మీద ఒక్కో తీగా నేను అతికిందే. బ్లూటూత్ పెడతావా అని అడిగేవాళ్లకు జవాబు ఇప్పటికీ పెట్టననే.

చేర్యాల తమ్ముడిది మార్చేశాను, ఆయన వచ్చి తీసుకెళ్లాడు. ఇంటికెళ్లాక డోలు వినిపించడానికి ఫోన్ చేశాడు గానీ ఫోన్‌లో ఏం తెలుస్తుంది.

మంథని సార్, వచ్చే ఆదివారం పొద్దున బస్సుకు వస్తున్నాను. సోల్డరింగ్ ఐరన్, మీటరు నేనే తెస్తాను. బల్ల మీద ఉన్న పుస్తకాలు తీయించి పెట్టండి, డబ్బా బోర్లించాలి.