జేబు కెమెరా అమ్మి, జేబులో పెట్టడమే తప్పన్న మీ కంపెనీకి

కస్టమర్ కేర్ విభాగం అధిపతి గారికి (అలాంటివారు ఒకరున్నారనే నమ్మకంతో),

విషయం: ఫిర్యాదు నంబర్లు ఇవ్వడం, మాతో ఒక్కమాటైనా చెప్పకుండా వాటిని మూసెయ్యడం.

అయ్యా,

ముందుగా ఒక మనవి. ఈ ఉత్తరం చివరిదాకా చదివే తీరిక మీకు లేకపోతే, తీరిక ఉన్నవాళ్ల చేతికివ్వండి. "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం" అన్న వాక్యం మీ దగ్గర్నుంచి ఇప్పటికే కావలసినంత వచ్చింది. ఇంకోటి వద్దు.

కెమెరా మోడల్, సీరియల్ నంబరు, బిల్లు నకలు జతచేశాను. దాని గొప్పలు మీ ప్రకటనల్లో బోలెడున్నాయి కాబట్టి నేను మళ్లీ రాయను. జబ్బు ఒక్కముక్కలో చెప్తాను. ఆకాశం వచ్చిన ప్రతి ఫొటోలో కుడివైపు పైన ఒక నల్లటి గుండ్రటి మచ్చ పడుతోంది. లోపల బొమ్మని పట్టే పలక, అదే సెన్సార్, దాని మీద నలుసు చేరింది. కెమెరా వారంటీలోనే ఉంది. విప్పి, గాలి కొట్టి, మళ్లీ బిగిస్తే అయిపోయే పని. ఆ పని చెయ్యకుండా తప్పించుకోవడానికి మీవాళ్లు పడ్డ కష్టమే ఈ ఉత్తరాన్ని ఇంత పొడుగు చేసింది.

కొనేముందు మీ అమ్మకాల విభాగాన్ని చాట్‌లో అడిగాను. దాదాపు ఒకే ధరలో మీవే రెండు కెమెరాలున్నాయి. ఒకటి పెద్దది: పొడుగు జూమ్, కంటికి ఆనించి చూసే వ్యూఫైండర్, దుమ్ము దూరకుండా సీళ్లు. రెండోది చొక్కా జేబులో పట్టేది: జూమ్ తక్కువ, సెన్సార్ మాత్రం ఒక అంగుళం రకం. మామూలు చిన్న కెమెరాల్లో సెన్సార్ 6.17 బై 4.55 మిల్లీమీటర్లు. ఒక అంగుళం రకమంటే, అంగుళం పేరుకే గానీ, 13.2 బై 8.8. విస్తీర్ణంలో నాలుగు రెట్లు, అందుకే దీపాల వెలుతురులో తీసినా బొమ్మ గరుకుగా రాదు. అంత సెన్సార్‌కి ముప్ఫై రెట్ల జూమ్ కావాలంటే లెన్సు చెంబంత అవుతుంది, జేబు సంగతి మర్చిపోవాలి. సైజు కావాలంటే జూమ్ వదులుకోవాలి, జూమ్ కావాలంటే సైజు వదులుకోవాలి. ఈ లెక్క నాకు తెలుసు, తెలిసే చిన్నది ఎంచుకున్నాను. కనుమనాడు జగ్గన్నతోటలో ఏకాదశ రుద్రుల ప్రభలు కదిలేటప్పుడు ఆ తొక్కిసలాటలో భుజం మీంచి సంచి దింపి పెద్ద కెమెరా తీసే చోటుండదు. ఒక చేత్తో జేబులోంచి తీసి, తలలపైకెత్తి నొక్కేది కావాలి.

అయితే ఒక్క అనుమానం ఉండి, అది కూడా అడిగాను. "ఆన్ చేసినప్పుడల్లా లెన్సు బయటికొచ్చి, ఆపగానే లోపలికి పోయే రకం కదా, దుమ్ము లాగదా?" అని. క్షణాల్లో జవాబొచ్చింది: "సార్, ఇది పాకెట్ కెమెరా, జేబులో వేసుకుని ఎక్కడికైనా హాయిగా వెళ్లండి." పక్కన ఒక నవ్వు బొమ్మ కూడా. ఆ తెరపట్టు జతచేశాను, భద్రంగా దాచుకోండి. నేనూ దాచుకున్నాను.

ఇక మీ టోల్‌ఫ్రీ నంబరు. తెలుగుకి నాలుగు నొక్కమంటుంది. నొక్కితే ఎత్తినాయన హిందీలో మొదలుపెడతాడు. తెలుగు వచ్చినవాళ్లని అడిగితే పాట వేస్తారు, పాట అయ్యేసరికి లైను పోతుంది. చివరికి దొరికిన తెలుగమ్మాయి మర్యాదగానే మాట్లాడింది, కానీ ఆవిడ ముందున్న తెర ఆవిడని కదలనివ్వదు. బ్యాటరీ తీసి పెట్టమంది. పెట్టాను. సెట్టింగులు రీసెట్ చెయ్యమంది. చేశాను. మెమరీ కార్డు ఫార్మాట్ చెయ్యమంది. కార్డు ఫార్మాట్ చేస్తే సెన్సార్ మీద నలుసు ఎలా పోతుందమ్మా అన్నాను. "ఈ స్టెప్ అయితేగానీ సిస్టమ్ ముందుకు పోదు సార్" అంది. సిస్టమ్ ముందుకు పోవడం కోసం నా కార్డు ఖాళీ చేసుకోవాలన్నమాట.

తరువాత ఫొటోలు మెయిల్ చెయ్యమన్నారు. ఎవరికీ అనుమానం మిగలకుండా పరీక్ష చేసి మరీ పంపాను. ఎలా చేశానో ఇక్కడా రాస్తున్నాను, కనీసం మీ శిక్షణ విభాగానికైనా పనికొస్తుంది. ఎపర్చర్‌ని, అంటే లెన్సులో వెలుతురు దూరే రంధ్రాన్ని, ఎఫ్ 11కి మూసి (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది), వెలుతురుకి స్పందన తెలిపే ఐఎస్ఓ అంకెని అన్నిటికన్నా తక్కువలో ఉంచి, తెల్లగోడని ఫోకస్ తప్పించి తీయాలి. షటర్ నెమ్మదిగా పెట్టి, తీస్తున్నంతసేపూ కెమెరాని కాస్త కదపాలి. గోడమీది మరకలు అలుక్కుపోతాయి, నలుసు మాత్రం ఉన్నచోటే నల్లగా నిలబడుతుంది. అదే గోడని ఎఫ్ 2.8లో తీస్తే మచ్చ పలచబడి దాదాపు మాయమవుతుంది. ఇప్పుడు జూమ్ చేసి మళ్లీ ఎఫ్ 11లో తీయాలి. మచ్చ జరిగినా, దాని పరిమాణం మారినా నలుసు లెన్సు లోపలి గాజు మీద ఉన్నట్టు. అక్కడే కూర్చుంటే సెన్సార్ మీద. నా ఫొటోల్లో అక్కడే కూర్చుంది.

దీనికి మీ జవాబు: "లెన్సు ముందుభాగాన్ని మెత్తటి బట్టతో తుడవండి." ముందు గాజు మీది దుమ్ము అంత స్పష్టంగా గుండ్రటి మచ్చగా పడదు, పడితే బొమ్మంతా కాస్త మసకబారుతుంది. అది రాసి పంపాను. దానికి ఇంకో జవాబు: "మీరు పంపిన ఫైళ్లు తెరుచుకోవడం లేదు, వాట్సాప్‌లో పంపగలరు." మీ కెమెరా తీసిన రా ఫైలు, అంటే కుదించని అసలు ఫైలు, మీ ఆఫీసులోనే తెరుచుకోదట! వాట్సాప్ మామూలుగా పంపిన ఫొటోని నొక్కి చిన్నది చేసేస్తుంది, మచ్చ కూడా అందులోనే కలిసిపోతుంది. అదీ పంపాను. "ఫొటోలో సమస్య కనబడలేదు" అని ఫిర్యాదు మూసేశారు. అద్భుతం కదూ.

మళ్లీ నంబరు తెరిపించాను. ఈసారి ఇంటికే వచ్చి కెమెరా పట్టుకెళ్తామన్నారు. ప్యాక్ చేసి పెట్టాను. ఎవరూ రాలేదు. ఆరా తీస్తే కొరియర్ కుర్రాడు అనంతపురంలో నా కోసం వెతికాడట! అమలాపురం పిన్‌కోడ్ 533తో మొదలవుతుంది, అనంతపురానిది 515తో. చిరునామాలో కోనసీమ జిల్లా అని కూడా ఉంది. పాపం ఆ కుర్రాడిది తప్పు కాదు. మీ రికార్డులో మాత్రం "కస్టమర్ అందుబాటులో లేరు" అని రాసుకుని, ఆ నంబరూ మూసేశారు. అనంతపురంలో నేను అందుబాటులో లేని మాట నిజమే.

ఇక లాభం లేదని రావులపాలెం, తణుకు, ఏలూరు మీదుగా బస్సెక్కి విజయవాడ సర్వీస్ సెంటరుకి వెళ్లాను. కౌంటర్లో ఉన్నాయన తన ఫోను లైటు వేసి లెన్సు ముందునుంచి చూసి "క్లీన్‌గా ఉంది సార్" అన్నాడు. కిటికీలోంచి వీధి చూసి వెనకగదిలో ఏముందో చెప్పేస్తే ఎలా? జాబ్ షీటు మీద "లోపం కనబడలేదు" అని రాశాడు. నేను పట్టుబడితే లోపలికి పంపాడు. తిరిగొచ్చిన రెండో కాగితం మీద "తేమ వల్ల పాడైంది, వారంటీ వర్తించదు, లెన్సు యూనిట్ మొత్తం మార్చాలి" అని ఉంది. అంచనా ఖర్చు కెమెరా ధరలో సగం దాటింది. ఒకే కౌంటరు, ఒకే కెమెరా, ఒకే రోజు. ఒక కాగితం మీద లోపమే లేదు, ఇంకో కాగితం మీద సగం కెమెరా పోయింది. రెండిటికీ మీ ముద్రే ఉంది.

తేమ ఎక్కడ తగిలిందో చూపించమన్నాను. "కోనసీమ తీరప్రాంతం కదా సార్" అన్నాడు. అదే రుజువు! మా ఊళ్లో తేమ ఎక్కువే, అందుకే కెమెరాలు సిలికా జెల్ పెట్టిన గాలి చొరని డబ్బాలో, తేమ మీటరు నలభై, యాభై మధ్య చూపించేలా ఉంచుతాం. తేమతో లెన్సుకి పట్టే బూజు సాలెగూడులా దారాలు దారాలుగా పాకుతుంది, గుండ్రటి చుక్కలా ఒక్కచోట కూర్చోదు. నీళ్లు చేరితే బ్యాటరీ గదిలో కాంటాక్టులు పచ్చబడతాయి. అవి తళతళలాడుతున్నాయి, ఫొటో జతచేశాను. తీరప్రాంతమని వారంటీ చెల్లకపోతే సంక్రాంతికి అమలాపురం గడియార స్తంభం దగ్గర మీ ఆఫర్ల ఫ్లెక్సీలు ఎందుకు కట్టించారు? వాటి మీద "తీరప్రాంతాలవారు కొనవద్దు" అన్న ముక్క నాకైతే కనబడలేదు.

ఆ తరువాత ఫోన్లో మీ సూపర్‌వైజర్ గారు దొరికారు. అసలు మాట ఆయన నోటినుంచే వచ్చింది. "జేబులో పెట్టుకుంటే బట్టల పీచు, దుమ్ము లోపలికి వెళ్తాయి సార్. అది యూజర్ తప్పు కిందకి వస్తుంది. కేసులో పెట్టుకుని తీసుకెళ్లాలి." జీన్స్ జేబులోకి జారుతున్న కెమెరా బొమ్మ మీ అట్టపెట్టె మీదే ఉంది. జేబులో పట్టడం కోసమే నేను జూమ్ వదులుకున్నాను, సీళ్లు వదులుకున్నాను. ఇప్పుడు ఆ జేబే నేరమా? కేసులో పెట్టి, దాన్ని సంచిలో పెట్టి మొయ్యడానికైతే సీళ్లున్న పెద్దదే కొనుక్కునేవాణ్ణి కదా. ఆ మాట రాసిమ్మన్నాను. "ఇన్ఫర్మేషన్ కోసం చెప్పాను సార్, రాసివ్వడం కుదరదు" అన్నారు.

దుమ్ము ఎలా దూరుతుందో మీకు తెలియనిది కాదు. లెన్సు గొట్టం బయటికి జరిగినప్పుడు లోపల ఖాళీ పెరిగి, సందుల్లోంచి గాలిని లాక్కుంటుంది. గాలితో పాటే దుమ్మూ వస్తుంది. లెన్సు ఊడేది కాదు గనక కొన్నవాడు తుడుచుకునే దారి లేదు. అది ఆ తయారీలో ఉన్న గుణం. కొన్నవాడి నడవడికకి దాంతో ఏం సంబంధం?

లెన్సు యూనిట్ మొత్తం మార్చాలన్నది మాత్రం ఒప్పుకోను. అడుగునా పక్కలా స్క్రూలు తీసి, వెనక మూత, తెర తొలగించి, ఫ్లెక్స్ కేబుల్ జాగ్రత్తగా విడదీస్తే సెన్సార్ పలక కనబడుతుంది. పలక ఎత్తి బ్లోయర్‌తో గాలి కొట్టడమే. చెయ్యి తిరిగిన మెకానిక్‌కి పెద్ద పని కాదు. మా దగ్గరా అలాంటివాళ్లున్నారు. అయినా ఇవ్వలేదు. ఫ్లాష్ కెపాసిటర్‌లో 300 వోల్టుల దాకా నిల్వ ఉంటుంది, దాన్ని ముందు డిశ్చార్జ్ చెయ్యకపోతే చెయ్యి మాడుతుంది. చాలా కెమెరాల్లో సెన్సార్ పలక స్క్రూలకి ఎత్తు సరిచేసి జిగురు వేస్తారు. ఆ ఎత్తు వెంట్రుకవాసి మారినా బొమ్మలో ఒక పక్క మసకవుతుంది. పైగా బయట విప్పిస్తే వారంటీ పోతుంది. అంటే మీరు చెయ్యరు, ఇంకొకళ్లని చెయ్యనివ్వరు.

ఫిల్ము రోళ్ల కాలంనుంచి మా స్టూడియోలో మీ కంపెనీ కెమెరాలే ఉన్నాయి. వేరే కంపెనీల ఏజెంట్లు వచ్చి తక్కువకిస్తామన్నా కాఫీ ఇచ్చి పంపేశాం. కువైట్, దుబాయ్‌లనుంచి పండక్కి వచ్చే మావాళ్లు "వచ్చేటప్పుడు ఏ కెమెరా తెచ్చుకోమంటారండీ" అని ముందే ఫోన్ చేసి అడుగుతారు. ఇన్నేళ్లూ మీ పేరే చెప్పాం. దానికి మీరు మాకు ఒక క్యాలెండరు కూడా ఇచ్చింది లేదు, మేమూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నది కూడా మా డబ్బుతో కొన్న వారంటీయే. నలుసు తుడిచి, లెన్సు రెండు పక్కలా బొమ్మ సమానంగా వస్తోందని పరీక్షించి, పరీక్ష ఫొటోలతో సహా తిరిగి పంపండి. లేదా మార్చివ్వండి. అదీ కుదరదంటే జేబులో పెట్టడం తప్పన్న మాటని మీ కంపెనీ కాగితం మీద సంతకంతో ఇవ్వండి, అది చాలు నాకు. నిజానికి కెమెరా అంటే ఏమిటో తెలిసిన మనిషి ఒక్కడు మీ దగ్గర్నుంచి ఫోన్ చేసి మాట్లాడి ఉంటే ఈ ఉత్తరమే ఉండేది కాదు.

స్పందన లేకపోతే ఏం చెయ్యాలో కూడా చూసుకున్నాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుంటున్న జిల్లా పరిధిలోని కమిషన్‌లోనే కేసు వెయ్యొచ్చు, మీ హెడ్డాఫీసు ఎక్కడుందో వెతుక్కుంటూ రానక్కర్లేదు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు గనక ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు. గడువు 2 ఏళ్లు, బోలెడంత ఉంది. ఈలోగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఎలాగూ ఫోన్ చేస్తాను. ఒకదానికొకటి పొసగని మీ జాబ్ షీట్లు రెండూ కమిషన్ ముందు పక్కపక్కనే పెడతాను, నేను వాదించాల్సింది పెద్దగా ఉండదు. రాజోలు నుంచి రామచంద్రాపురం దాకా స్టూడియోలవాళ్లందరికీ వాటి నకళ్లు కూడా పంపుతాను. వచ్చే పండక్కి ఏ కెమెరా తెచ్చుకోమంటారని అడిగేవాళ్లకి ఏం చెప్పాలో మీ జవాబుని బట్టి ఉంటుంది. జవాబు రాకపోతే అదీ జవాబే.

ఇట్లు,
ఫొటో స్టూడియో యజమాని,
అమలాపురం, డా. బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా

తాజాకలం: కొరియర్‌ని పంపేటట్టయితే సాయంత్రం నాలుగు దాటాక పంపండి, ఉదయంపూట పెళ్లిళ్ల పని ఉంటుంది. కెమెరా ఇచ్చేముందు బ్యాటరీ, కార్డు తీసేసి, ఇప్పుడున్న స్థితిని నాలుగువైపులా ఫొటో తీసుకుంటాను, కొత్త గీత పడితే మీదే పూచీ. పిన్‌కోడ్ 533201. అనంతపురం వెళ్లొద్దని చెప్పండి.