నడుస్తుండగానే విప్పిన వాచీ

చిరంజీవి అమ్మలుకి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాలు ఎప్పటిలాగే ఉంది. బాబీ వాళ్ల పైవాటాలో కొత్తవాళ్లు దిగారు, నీళ్ల మోటారు గొడవ మళ్లీ మొదలు. ఇదంతా ఫోన్‌లో చెప్పొచ్చుగా అంటావు. నువ్వు ఎత్తితే కదా. సరే, పనిలో ఉంటావు. నేనేం అడగడం లేదు.

దసరాకి ముందు నువ్వు పంపిన లింకు గురించి రాద్దామని కూర్చున్నాను. బార్తోష్ చెహనోవ్‌స్కీ అనే ఆ పోలండ్ అబ్బాయి సొంత సైటు. ఫోన్‌లో నా కళ్లకి ఆనక, బాబీ చేత లాప్‌టాప్ తెప్పించుకున్నాను. మెకానికల్ వాచీ మీద 2022 మేలో పెట్టిన పేజీ అట. భోంచేసి కూర్చున్నవాణ్ణి, అమ్మ దీపం పెట్టే వేళకి లేచాను. ఇంగ్లీషు సగం బాబీ చదివి చెప్పాడు, మిగతా సగం బొమ్మలే చెప్పాయి.

ప్రకటనల్లేవు, ఆయన ఫోటో లేదు, నేనింత గొప్పవాణ్ణని ఒక్క ముక్క లేదు. తెల్లటి పేజీలో వాచీ. పట్టుకుని తిప్పితే తిరుగుతుంది. కింద ఉన్న మీట జరిపితే ముళ్లు, డయలు, పళ్లచక్రాలు వేటికవి విడిపోయి గాల్లో నిలబడతాయి. రాతలో స్ప్రింగు పేరు ఏ రంగులో ఉంటే బొమ్మలో స్ప్రింగూ అదే రంగు. అవన్నీ సరే. నన్ను కూర్చోబెట్టింది లివరు దగ్గర, పళ్లచక్రాన్ని ఒక్కో పన్ను చొప్పున ఆపి వదిలే చిన్న ముక్క అది. మన హెచ్ఎంటీ జనతా వాచీ గంటకి 18,000 సార్లు కొట్టుకుంటుంది, అంటే సెకనుకి ఐదు. అంత వేగంలో ఎస్కేప్ వీలు అనే ఆ చక్రం పన్ను లివరు రాయి మీద పడటం, ఆగడం, అటూఇటూ ఊగే బ్యాలెన్సు చక్రాన్ని ఒక్క తోపు తోసి జారిపోవడం ఏ కన్నూ పట్టలేదు. ఆయన దాన్ని నిదానంగా నడిపించి చూపించాడు. రిపేరు బల్ల మీద మా వాచీలు బాగుచేసేవాళ్లకి రెండే దారులు. వాచీ నడుస్తుంటే లోపలిది ప్లేట్ల కింద కనపడదు, విప్పితే కనపడుతుంది గానీ ఆగిపోతుంది. నా జన్మంతా చెవితో విని, చేత్తో ఊహించి చేసిన పని అది. ఆయన నడుస్తుండగానే విప్పి పెట్టాడు.

మొన్న మీ చిన్నత్త వచ్చింది. వాళ్ల వియ్యంకుల తాలూకు అబ్బాయి ఎవరో మీ ఆఫీసు పక్క బిల్డింగులోనేనట. ఏదో అంది. మీ చిన్నత్త మాటలు నీకు తెలియనివి కావుగా, నేను పట్టించుకోలేదు. అమ్మ మాత్రం ఆ రాత్రి పడుకోలేదు.

ఆ లివరు చూస్తుంటే హెడ్‌మాస్టారి వాచీ గుర్తొచ్చింది. నీకు లీలగా ఉంటుందేమో. 2004 కృష్ణా పుష్కరాలు. స్నానాలకి వాచీ తియ్యకుండా దిగిన ప్రతివాడూ మర్నాడు మన కొట్టు ముందే. మాస్టారిది హెచ్ఎంటీ జనతా, 17 రాళ్లది, ఆయన తొలి జీతంతో కొన్నది. లోపల తుప్పు మొదలైంది. అన్నీ విప్పి పెట్రోల్లో కడిగి ఆరబెట్టాను. నువ్వు స్టూలెక్కి నా భుజం మీంచి చూస్తూ, టిక్కుమనేది ఏదని ఒకటే నస. వేలితో చూపిస్తున్నానా, పెద్దగా తుమ్మావు. నా చెయ్యి అదిరింది. ఇచ్చిన కీ వెనక్కి తిరక్కుండా పట్టే క్లిక్ స్ప్రింగు ఎగిరిపోయింది. వెంట్రుకంత ముక్క. ఫ్యాన్ ఆపాం, కొట్టు తలుపు మూశాం, నేల మీద అయస్కాంతం పెట్టి పాకాను. అమ్మ ఊడ్చిన దుమ్ము జల్లెడ పట్టింది. బాబాయి వచ్చి బల్ల సొరుగులన్నీ తిరగేశాడు, నా చుట్టల కట్ట బయటపడి అదో రభస. ఈలోగా మాస్టారు రానే వచ్చారు. సంగతి చెబితే ఏమీ అనకుండా పంచె ఎగ్గట్టి ఆయనా వెతకడానికి కూర్చున్నారు. రాత్రి అమ్మ నీ గౌను విప్పుతుంటే జేబు కుట్టులో దొరికింది. అప్పుడూ నువ్వు అడిగింది ఒకటే, ఇంతకీ టిక్కుమనేది ఏది అని. ఇప్పుడు చూశావుగా.

నాకూ అలాంటి సైటు ఒకటి చేసుకోవాలని ఉంది అన్నావు ఆ లింకు పంపినప్పుడు. చేసుకో తల్లీ. నీకు బొమ్మ వచ్చు, లెక్క వచ్చు. కానీ ఆయన్ని సరిగ్గా చూడు. బొమ్మ గీసేవాడు, కోడ్ రాసేవాడు, వివరం చెప్పేవాడు ముగ్గురూ ఒక్కడే. వేరేవాళ్లు రాసిపెట్టిన కోడ్ లైబ్రరీలేవీ వాడలేదట, అంతా చేత్తో రాసిందేనట. సైకిలు పేజీ 2023లో పెట్టాడు. విమానం రెక్క పేజీ రావడానికి ఏడాది దగ్గర పట్టింది, చంద్రుడిది 2024 డిసెంబరులో. ఇష్టమైనవాళ్లు నెలనెలా డబ్బు పంపే ఏర్పాటు ఉందంటున్నాడు బాబీ. ఆ నమ్మకం ఎన్ని పేజీల తర్వాత వచ్చిందో ఆలోచించు. జీతం వస్తుండగా రాత్రిళ్లు కూర్చుని చేసినా పేజీ పేజీయే. ఉద్యోగం ముందు వదిలేసి తర్వాత ఆలోచిద్దాం అనుకునేవాళ్లని చూశాను. 2016లో హెచ్ఎంటీ వాచీల కంపెనీ మూసేద్దామని ప్రభుత్వం తీర్మానించినప్పుడు నేను కొట్టులో గోడ గడియారాలు, సెల్లులు కూడా పెట్టానే తప్ప షట్టరు దించలేదు. అద్దె కట్టాలి, ఈఎంఐలుంటాయి, ఒంట్లో బాగోకపోతే... సరే, లెక్చరు అంటావు. ఆపేస్తున్నాను.

నీ మీద అనుమానంతో రాయడం లేదు. మానేశానన్నా తిట్టను. ఏదో ఒకటి తెలిస్తే అమ్మ పడుకుంటుంది, నేనూ పడుకుంటాను.

గోంగూర పచ్చడి, సున్నుండలు బస్సు పార్సిల్లో వేస్తున్నాను. సున్నుండలు రూమ్మేట్లకి పంచేసి నువ్వు బిస్కెట్లు తినకు. పొద్దున టిఫిన్ మానకు. స్క్రీను ముందు లైటు వేసుకుని కూర్చో, కంటి అద్దం పెట్టుకుని నేను పోగొట్టుకున్న చూపు చాలు ఇంటికి. ఆదివారం ఫోన్ చెయ్యి.

నాన్న

తా.క.: ఒకవేళ రాజీనామా ఇచ్చేసి ఉంటే, కంపెనీ ఇన్సూరెన్స్ ఏ తారీఖు దాకా పనిచేస్తుందో వెంటనే కనుక్కో. పీఎఫ్ డబ్బు మాత్రం తియ్యకు. ఇవ్వకపోతే ఈ రెండు ముక్కలూ చదవలేదనుకో.