వార్షిక నివేదిక: స్క్రిప్టుకూ సీ కోడ్‌కూ నడుమ ఈ ఏడాది చేసిన పని

గౌరవ సభ్యులకు కార్యవర్గం తరఫున నమస్కారం.

సీ భాషలో రాసి మనం ఉమ్మడిగా నిర్వహిస్తున్న లైబ్రరీని (ఇతర ప్రోగ్రాములు వాడుకునే ఫంక్షన్ల సముదాయాన్ని) పైథాన్, లువా అనే స్క్రిప్టు భాషల నుంచి పిలిచేవారికి అంతుచిక్కని క్రాష్‌లు ఎదురవుతున్నాయని, ముందు వాటి సంగతి తేల్చమని గత సర్వసభ్య సమావేశంలో మీరు మాకు చెప్పారు. ఏడాది పొడవునా మా సమయంలో ఎక్కువ భాగం దానికే వెచ్చించాం. అందుకే నివేదికలోనూ దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను. మిగిలిన విషయాలు చివర్లో క్లుప్తంగా ఉన్నాయి.

మొదట్లో మేమంతా తప్పు మార్పిడిలోనే ఉందనుకున్నాం. అంకెలు, స్ట్రింగులు (అక్షరాల వరసలు) ఒక భాష రూపం నుంచి మరో భాష రూపానికి మారేటప్పుడు ఏదో జారిపోతోందని మా అంచనా. అలాంటివి దొరికాయి కూడా. కానీ ఫిర్యాదులను ఒక్కొక్కటిగా విప్పి చూసేసరికి, చాలావాటికి మూలం వేరే చోట కనిపించింది. ఈ మెమరీ ఎవరిది, ఎంతసేపు ఉంటుంది అన్న ప్రశ్నకు రెండు భాషల సరిహద్దుకు అటు ఒక జవాబు, ఇటు ఇంకో జవాబు ఉన్నాయి.

అరువు, సొంతం, అప్పగింత

సీలో మెమరీ అడిగి తీసుకున్నవారే దాన్ని తిరిగి విడుదల చేయాలి. మనమందరం వాడే సీపైథాన్‌లో ప్రతి వస్తువుకూ ఒక రిఫరెన్స్ లెక్క, అంటే దాన్ని ఎన్ని చోట్ల పట్టుకుని ఉన్నారన్న లెక్క, ఉంటుంది. అది సున్నాకు దిగితే వస్తువు పోతుంది. లువాలో గార్బేజ్ కలెక్టర్ తన వంతు వచ్చినప్పుడు, ఎవరూ పట్టుకుని లేని వస్తువులను ఊడ్చేస్తుంది. మూడు పద్ధతులూ వేటికవి సరైనవే. ఒకదాన్నుంచి ఇంకొకదాంట్లోకి దాటే చోటే చిక్కంతా.

పైథాన్ సీ ఇంటర్‌ఫేస్‌నే చూడండి. జాబితాలోంచి ఒక అంశాన్ని తెచ్చే పైలిస్ట్_గెట్‌ఐటమ్ మనకు అరువు రిఫరెన్స్ ఇస్తుంది, దాన్ని మనం విడుదల చేయకూడదు. జాబితాలో అంశాన్ని పెట్టే పైలిస్ట్_సెట్‌ఐటమ్ మన రిఫరెన్స్‌ను తనదిగా చేసుకుంటుంది. పైడిక్ట్_సెట్‌ఐటమ్ మాత్రం అలా చేయదు. మన రిఫరెన్స్ మన దగ్గరే మిగులుతుంది, పనయ్యాక మనమే వదలాలి. పేర్లు చూస్తే కవలలు, ఒప్పందాలు మాత్రం పూర్తిగా వేరు. మన కోడ్‌లో ఈ చివరి రెండింటినీ ఒకే రకంగా వాడిన చోట్లు ఉన్నాయి. అక్కడల్లా మెమరీ కారిపోతూ వచ్చింది.

కార్యవర్గం ఒక నిర్ణయం తీసుకుంది. లైబ్రరీలోని ప్రతి ఫంక్షన్ వివరణలో, పాయింటర్ (మెమరీలో ఒక చోటి చిరునామా) ఉన్న ప్రతి చోటా మూడు మాటల్లో ఒకటి తప్పనిసరిగా రాయాలి. అరువు అంటే, ఈ పిలుపు ముగిసేవరకే చూడవచ్చు. సొంతం అంటే, మీకు ఇచ్చేశాం, విడుదల మీ బాధ్యత. అప్పగింత అంటే, మీరిచ్చినది ఇకనుంచి మాది, మళ్లీ ముట్టుకోవద్దు. రాయడం మొదలుపెట్టాక తెలిసిందేమిటంటే, కొన్ని ఫంక్షన్ల విషయంలో వాటిని రాసినవారే ఒక మాట మీద లేరు. పొరపాటు జరిగినప్పుడు చూపే సందేశాన్ని తెచ్చే ఫంక్షన్ ఒకటుంది. ఒక దారిలో అది స్థిరమైన పాఠాన్ని ఇస్తుంది, ఇంకో దారిలో కొత్తగా మెమరీ తీసుకుని ఇస్తుంది. పిలిచినవారికి తేడా తెలిసే మార్గమే లేదు. ఇప్పుడు రెండు దారుల్లోనూ సొంతమే ఇస్తుంది. నా దృష్టిలో ఈ ఏడాది మనం చేసిన పనుల్లో అన్నిటికన్నా విలువైనది ఈ మూడు మాటల పనే.

సీటైప్స్‌తో వచ్చిన రెండు క్రాష్‌లు

2006లో 2.5 వెర్షన్‌తో పైథాన్‌లో చేరిన సీటైప్స్‌ను మన సభ్యుల్లో చాలామంది వాడుతున్నారు. సీలో ఒక్క వాక్యం రాయకుండానే లైబ్రరీని పిలవవచ్చు, అదే దాని సుగుణం. ఒక సభ్యుడి స్క్రిప్టు పాత 32 బిట్ల యంత్రం మీద ఏళ్ల తరబడి నడిచింది, కొత్త యంత్రం మీద రెండో పిలుపుకే కూలిపోయింది. కలిసి కూర్చుని చూశాం. మన ఫంక్షన్ తిరిగి ఇచ్చేది ఒక పాయింటర్. ఆ సంగతి చెప్పకపోతే సీటైప్స్ దాన్ని మామూలు పూర్ణాంకం అనుకుంటుంది. 8 బైట్ల చిరునామాలో 4 బైట్లే మిగిలాయి. పై సగం తెగిపోయిన ఆ చిరునామాను రెండో పిలుపులో సీకి తిరిగి ఇస్తే, అది తనది కాని చోటికి వెళ్లింది. తిరిగివచ్చే రకం ఏమిటో ప్రకటించే ఒక్క వాక్యం చేర్చగానే బాగుపడింది. పంపే విలువల రకాలనూ అలాగే ప్రకటించమని సభ్యులందరికీ మనవి.

రెండోది ఇంకా మొండిది. పైథాన్ ఫంక్షన్‌ను కాల్‌బ్యాక్‌గా, అంటే సీ తర్వాత తిరిగి పిలవాల్సిన ఫంక్షన్‌గా, సీకి ఇచ్చారు. సీ దాని చిరునామాను దాచుకుంది. పైథాన్ వైపు ఆ కాల్‌బ్యాక్ వస్తువును పట్టుకున్నవారెవరూ లేరు, కాబట్టి అది పోయింది. ఆ తర్వాత ఎప్పుడో సీ పిలిస్తే అక్కడ ఏమీ లేదు. సీ దాచుకున్న చిరునామా పైథాన్ లెక్కలోకి రాదు. ఇప్పుడు మన పైథాన్ పొర ప్రతి కాల్‌బ్యాక్‌నూ నమోదు రద్దయ్యేవరకు తనే పట్టుకుని ఉంచుతుంది.

‘తెలుగు’ అన్న మాట ఎంత పొడవు?

అభ్యాస సమావేశాల్లో ఎక్కువ చర్చ జరిగింది స్ట్రింగుల మీదే. ‘తెలుగు’ అన్న మాటనే ముందు పెట్టుకున్నాం. కంటికి మూడు అక్షరాలు. పైథాన్‌ను పొడవు అడిగితే 6 అంటుంది: త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. లువాను అడిగితే 18, ఎందుకంటే అది బైట్లు లెక్కపెడుతుంది, అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో మన గుర్తు ఒక్కొక్కటి 3 బైట్లు. మూడూ నిజమే. ఎవరు ఏది లెక్కపెడుతున్నారో తెలియకుండా పొడవును సరిహద్దు దాటించడమే తప్పు.

మన లైబ్రరీలో పేరుకు కేటాయించిన గడి 32 బైట్లు. స్ట్రింగ్ ముగిసిందని చెప్పే చివరి సున్నాకు ఒకటి పోతే 31. అందులో తెలుగు గుర్తులు 10 పడతాయి, పదకొండో గుర్తులో మొదటి బైటు ఒంటరిగా మిగులుతుంది. పైథాన్ దాన్ని చదవబోయి తప్పు చూపేది. ఇంగ్లిషు పేర్లతో పరీక్షించినంతకాలం ఇది బయటపడలేదు. 16 బైట్ల గడి అయితే ఇంకా ప్రమాదం: 15 బైట్లకు సరిగ్గా అయిదు గుర్తులు పట్టి, ‘తెలుగు’ కాస్తా ‘తెలుగ’ అవుతుంది, తప్పు అని ఎవరూ చెప్పరు. ఆ గడులన్నీ తీసేశాం. ఇప్పుడు ప్రతి స్ట్రింగ్‌తోపాటు దాని బైట్ల పొడవూ వెళుతుంది. మధ్యలో సున్నా బైటు ఉన్న లువా స్ట్రింగులు కూడా ఇప్పుడు తెగకుండా దాటుతున్నాయి. లువా స్టాక్ (లువా, సీ విలువలు ఇచ్చిపుచ్చుకునే చోటు) మీది స్ట్రింగ్‌కు పాయింటర్ తీసుకుని, స్టాక్ నుంచి తీసేశాక కూడా దాచుకున్న చోట్లన్నిటా ఇప్పుడు నకలు తీసుకుంటున్నాం.

అంకెల విషయం చిన్నదే. పైథాన్ పూర్ణాంకానికి హద్దు లేదు, సీకి ఉంది. మార్పిడి ఫంక్షన్ విఫలమైతే -1 ఇస్తుంది, కానీ -1 అసలు విలువ కూడా కావచ్చు. తప్పు జరిగిందా అని విడిగా అడగాలి. మనం అడగని చోట్లు సరిచేశాం. 2015లో వచ్చిన లువా 5.3కు ముందు అంకెలన్నీ పరిమిత కచ్చితత్వం ఉన్న దశాంశ రూపంలోనే ఉండేవి, 9007199254740993 అని పంపితే చివరి 3 కాస్తా 2 అయ్యేది. పాత లువాకు గుర్తింపు సంఖ్యలను ఇకమీదట స్ట్రింగులుగానే పంపుతాం.

నకలా, పంపకమా?

కార్యవర్గంలో గట్టి వాదన జరిగింది దీని మీదే. 10 లక్షల దశాంశ సంఖ్యలున్న పైథాన్ జాబితా 64 బిట్ల యంత్రం మీద ఒక్కో సంఖ్యకు 24 బైట్ల వస్తువు, 8 బైట్ల పాయింటర్ చొప్పున 3 కోట్ల 20 లక్షల బైట్లు తీసుకుంటుంది. సీ అరేలో (ఒకే రకం విలువలను పక్కపక్కనే పేర్చిన మెమరీలో) అవే సంఖ్యలు 80 లక్షల బైట్లలో ఇముడుతాయి. నకలు తీయకుండా బఫర్ ప్రోటోకాల్ ద్వారా ఒకే మెమరీని పంచుకుందామని కొందరు పట్టుబట్టారు. న్యాయమైన కోరికే. ఆ ప్రోటోకాల్‌లో నాకు నచ్చినది, ఒప్పందాన్ని అది తానే కాపాడటం: బైట్‌అరేను ఎవరైనా చూస్తున్నంతసేపు దాని పొడవు మార్చబోతే పైథాన్ ఒప్పుకోదు, తప్పు చూపుతుంది.

అయితే ప్రయత్నించినప్పుడు ఒక దెబ్బ తిన్నాం. నంపై (పైథాన్‌లో సంఖ్యల పట్టికల కోసం వాడే లైబ్రరీ) అరేను అడ్డనిలువులు మార్చితే మెమరీలో సంఖ్యలు కదలవు, చదివే అంగలు (ఒక సంఖ్య నుంచి తర్వాతి సంఖ్యకు ఉన్న దూరాలు) మాత్రమే మారతాయి. మన సీ కోడ్ వరసగా చదువుకుంటూ పోయింది. క్రాష్ కాలేదు, జవాబులు తప్పు వచ్చాయి. క్రాష్ కన్నా ఇదే ఎక్కువ భయపెట్టింది. చివరికి నకలే మామూలు పద్ధతిగా ఉండాలని, వేగం చాలడం లేదని కొలిచి చూపిన చోట మాత్రమే అంగలు సరిచూసుకుని పంచుకోవాలని తీర్మానించాం.

ఇతర విషయాలు

జమాఖర్చుల పట్టికను కోశాధికారి సభ్యులకు విడిగా పంపుతారు. అభ్యాస సమావేశాల నోట్సు లైబ్రరీ వివరణలతోపాటే ఉంచాం. వేర్వేరు థ్రెడ్ల (ఒకే ప్రోగ్రాములో ఏకకాలంలో నడిచే పనుల) నుంచి వచ్చే కాల్‌బ్యాక్‌ల పని ఇంకా పూర్తి కాలేదు, దాన్ని వచ్చే కార్యవర్గానికి అప్పగిస్తున్నాం. అలాంటి కాల్‌బ్యాక్‌లు వాడుతున్న సభ్యులు సర్వసభ్య సమావేశానికి ముందే తమ కోడ్‌లోని ఆ భాగాన్ని, ఏ పాయింటర్ అరువో ఏది సొంతమో పక్కన రాసి, మాకు పంపగలరు.

కార్యదర్శి