పంది మాంసం ముట్టనివాళ్ళకీ వస్తుంది

ఎడిటర్ గారికి,

ఆఫ్రికా పల్లెల్లో పంది మాంసం తిని మెదడులో పురుగులు తెచ్చుకుంటున్నారని మీ పత్రికలో వార్త చదివాను. అందులో నిజం సగమే. జాంబియా తూర్పు ప్రావిన్స్‌లో, కటేటే చుట్టుపక్కల ఊళ్ళలో పశువుల డాక్టరుగా మూడేళ్ళు పనిచేసినవాణ్ణి కాబట్టి రాస్తున్నాను.

బద్దెపురుగు పిల్లల తిత్తులున్న పంది మాంసం సరిగా ఉడక్కుండా తింటే కడుపులో బద్దెపురుగు పెరుగుతుంది. అది ఉన్నట్టు చాలామందికి తెలియనే తెలియదు. మెదడుకి చేరి ఫిట్స్ తెప్పించేవి మాత్రం ఆ మనిషి మలంలో బయటికొచ్చే గుడ్లలోంచి పుట్టే పిల్లపురుగులు. అతను చేతులు కడుక్కోకుండా వండితే, మాంసం ముట్టని పక్కింటి పిల్లకైనా రావచ్చు.

పంటకాలంలో పైర్ల మీద పడతాయని అక్కడ పందుల్ని కట్టేస్తారు. కోతలయ్యాక వదిలేస్తారు. మనుషులు బహిర్భూమికి వెళ్ళే పొదల్లోనే అవీ మేస్తాయి. మలంతో పాటు గుడ్లు పంది కడుపులోకి పోయి, మాంసంలో తిత్తులవుతాయి. మరుగుదొడ్లు కొన్ని ఇళ్ళకి ఉన్నాయి. కానీ మామగారు వెళ్ళే దొడ్డికి కోడలు వెళ్ళకూడదు. ఇంటికి ఒకటి కట్టించి లెక్క రాసుకుంటే ఆవిడ ఎక్కడికి వెళ్ళాలి?

బేరానికొచ్చిన వ్యాపారి పందిని పడుకోబెట్టి, నోట్లో కర్ర అడ్డం పెట్టి, గుడ్డతో నాలుక బయటికి లాగి అడుగున వేలితో తడుముతాడు. బియ్యపు గింజల్లాంటివి తగిలాయంటే ఇక బేరం లేదు. నేనూ అలాగే చూసేవాణ్ణి. దొరికేవి బాగా ముదిరినవే, కొద్దిగా ఉన్నవి తప్పించుకుంటాయి. మరి వ్యాపారి వద్దన్న పందిని ఏం చేస్తారు? అన్నాళ్ళు మేపిన పందిని ఎవరూ పాతిపెట్టరు. ఊళ్ళోనే కోసి వాటాలేసుకుంటారు, తనిఖీ మాటే ఉండదు. ఒకసారి నాకూ వాటా పంపారు. ముక్క కోసి చూస్తే లోపల తెల్లటి పూసలు. నేను తినలేదు. మొహమాటపడి వాళ్ళకి చెప్పనూ లేదు. అందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

పందికి టీకా ఉంది. ఆస్ట్రేలియాలో కనిపెట్టారు, తయారుచేస్తున్నది హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునోలాజికల్స్. దానికి తోడు ఆక్స్‌ఫెండజోల్ అనే పురుగుల మందు, కిలో బరువుకి 30 మిల్లీగ్రాములు, ఒక్క డోసు. నేను తిరిగిన ఊళ్ళలో మాత్రం మందు పడిన పందికీ పడని పందికీ ధర ఒక్కటే. ఇక చేతి డబ్బు పెట్టి ఎవరు వేయిస్తారు? ఈసారి రాసేటప్పుడు ఆ సంగతి కూడా రాయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పశువైద్యుడు