తినని గుడ్డుకి బిల్లు

టార్నీట్, మెల్‌బోర్న్
శనివారం

పద్దూ,

సంక్రాంతికి రాయాల్సిన ఉత్తరం ఉగాది దాటాక రాస్తున్నాను, తిట్టుకో. పాపకి ముందు పళ్లు రెండూ ఊడాయి. ఉద్యోగం అదే. అమ్మ మోకాలు అలాగే ఉంది. ఇక అసలు సంగతి.

మొన్న ఒక యూనివర్సిటీ అమ్మాయికి ఇంటర్వ్యూ ఇచ్చానే! విడిపోయినవాళ్లకి పిల్లల కోసం గవర్నమెంటు ఇచ్చే డబ్బు, అవతలివాళ్లు ఇవ్వాల్సిన డబ్బు ఎలా అందుతున్నాయో పరిశోధన చేస్తోంది. లైబ్రరీలో చిన్న గది, బల్ల మీద రికార్డరు. నా పేరు ఎక్కడా రాయనని కాగితం చదివి సంతకం పెట్టించుకుంది. అరగంట అనుకుని వెళ్లాను, రెండు గంటలు పట్టింది.

మొదట రాత్రుల లెక్క. ఇక్కడ ఇద్దరి జీతాలతో పాటు పిల్ల ఏడాదిలో ఎవరింట్లో ఎన్ని రాత్రులు పడుకుందో కూడా చూసి చైల్డ్ సపోర్ట్, అంటే అవతలివాళ్లు ఇవ్వాల్సిన డబ్బు, లెక్కగడతారు. 52 రాత్రులైతే ఒక లెక్క, 128 అయితే ఇంకో లెక్క. (1988లో మొదలైందట ఈ పద్ధతి, మన వయసేనే దానికీ!) నేను ఫ్రిజ్ మీది క్యాలెండర్ పట్టుకెళ్లాను. మా ఇంట్లో పడుకున్న రోజుకి పసుపు చుక్క, వాళ్ల నాన్న దగ్గరైతే ఆకుపచ్చ చుక్క. అన్నీ పాపే పెట్టింది స్కెచ్‌పెన్‌తో, ఏదో ఆట అనుకుని. ఏడాది మొత్తానికి ఆకుపచ్చవి 41. మహానుభావుడి కాగితాల్లో మాత్రం 60... సరే, అది వదిలెయ్.

తర్వాత, డబ్బు మీకెలా వస్తుంది అని అడిగింది. చైల్డ్ సపోర్ట్ చూసే గవర్నమెంటు ఆఫీసు వసూలు చేసి పెట్టొచ్చు, లేదా మనలో మనమే ఇచ్చిపుచ్చుకోవచ్చు. మాది రెండోదే. "గవర్నమెంటు చేత వసూలు చేయిస్తావా, నలుగురిలో మా పరువేం కాను" అని అత్తగారు ఫోన్ చేసి మరీ అన్నారు కదా. అలా పెట్టుకుంటే ఆయన ఇచ్చినా ఇవ్వకపోయినా మొత్తం ఇచ్చేసినట్టే లెక్క. అది ఒక హద్దు దాటితే, పైన ప్రతి డాలర్‌కీ పాప కోసం గవర్నమెంటు నాకిచ్చే డబ్బు, అదే ఫ్యామిలీ టాక్స్ బెనిఫిట్‌లో, 50 సెంట్లు కోత. పైగా ఆయన రెండేళ్ల టాక్స్ రిటర్న్‌లు ఒకేసారి వేశాడు. జీతం పెరిగిందని తేలి, పాత నెలలకి నాకు రావలసింది కూడా కాగితం మీద పెరిగింది. చేతికి మాత్రం పైసా రాలేదు. నాకొచ్చింది ఉత్తరం: మీకు ఎక్కువిచ్చాం, 1,840 డాలర్లు వెనక్కి కట్టండి!

ఆ ఉత్తరం చూసి ఏమనిపించిందని ఆ అమ్మాయి అడిగింది. నా నోట్లోంచి ఏమొచ్చిందో తెలుసా? తినని గుడ్డు! మనం ఇంటికెళ్లిన పది రోజులకీ గుడ్డు బిల్లు వేసి, "గుడ్డు ఉడికిందమ్మా, తినకపోవడం మీ ఇష్టం" అన్నాడే మన హాస్టల్ మెస్ మేనేజరు, అదంతా ఇంగ్లీషులో చెప్పాను. నువ్వు బెంచీ ఎక్కి చేసిన యాక్షన్ కూడా చేశాను. ఆ పిల్ల నవ్వి నవ్వి, నోట్‌బుక్‌లో రాసుకుని కింద గీత గీసింది. ఆ గీత చూసి ఏడుపొచ్చేసింది నాకు. ఎంతసేపో. రికార్డరు ఆపేసింది పాపం.

ఇంటికొచ్చి ఫారం తీశాను. వసూలు ఆఫీసుకి అప్పగిస్తే నిజంగా చేతికొచ్చిన డబ్బే లెక్కలోకి వస్తుంది. మామూలుగా 3 నెలల పాత బకాయి కూడా అడగొచ్చు. సగం నింపాను. మిగతా సగం దగ్గరికొచ్చేసరికి అత్తగారి గొంతు... నువ్వైతే ఏం చేస్తావో నాకు తెలుసు, చెప్పకు. కాదు, చెప్పు.

ఈత క్లాసు బయట కారులో కూర్చుని రాస్తున్నాను. అదిగో, తడిజుట్టుతో పరిగెత్తుకొస్తోంది, టవల్ లోపలే మర్చిపోయినట్టుంది, ఉండు