కాల్పుల విరమణ తర్వాత కూడా పేలే బాంబుల గురించి రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

ఎక్కడ యుద్ధం జరిగినా మన పేపర్లలో ఆ వార్త మొదటి పేజీలో మొదలై కాల్పుల విరమణ అన్న రోజుతో ఆగిపోతుంది. మీ పేపరూ అంతే, ఏళ్ల తరబడి చదువుతున్నా కాబట్టి చనువుగా అంటున్నా. క్లస్టర్ బాంబులు వాడిన చోట పొలానికెళ్లే రైతుకి, ఆడుకునే పిల్లలకి ఆ రోజు తర్వాత కూడా గండం పోదు, దాని గురించి మన భాషలో రాసేవాళ్లే కనపడటం లేదు.

ఈ బాంబు నిజానికి ఒక పెద్ద డబ్బా. గాల్లోనే విచ్చుకుంటుంది, లోపలున్న చిన్న చిన్న బాంబులు ఊరూ పొలమూ తేడా లేకుండా ఎకరాల మేర చెదిరిపడతాయి. వియత్నాం యుద్ధ కాలంలో అమెరికా ఆ పక్క దేశమైన లావోస్ మీద ఎక్కువగా వేసిన రకంలో ఒక్కో డబ్బాలో 600కు పైగా ఉండేవి, ఒక్కొక్కటీ బత్తాయికాయంత, దాని పెంకులో సుమారు 300 ఉక్కు గుళ్లు. కిందికి వచ్చేటప్పుడు అది గిర్రున తిరిగితేనే లోపలి ఫ్యూజు, అంటే దాన్ని పేల్చే భాగం, సిద్ధమవుతుంది, తర్వాత నేలకి గట్టిగా తగిలితేనే పేలుతుంది. వరిమడి బురదలో దిగబడినా, చెట్టు కొమ్మల్లో చిక్కుకున్నా పేలకుండా అలాగే ఉండిపోవచ్చు. ఎన్నేళ్లయినా దాని మీద పార పడితే చాలు, లేదా బంతనుకుని పిల్లాడు తీసి విసిరితే చాలు.

లావోస్‌లో 1964-73 మధ్య ఇలాంటివి దాదాపు 27 కోట్లు పడ్డాయని, అందులో 8 కోట్ల దాకా పేలలేదని అంచనా. యుద్ధం ముగిశాక కూడా వీటివల్ల, మిగిలిపోయిన మిగతా బాంబులవల్ల చనిపోయినవాళ్లు, గాయపడినవాళ్లు కలిపి 20 వేలమందికి పైనే. మన పాడేరు, అరకు వైపు పోడు చేసినట్టే అక్కడి కొండల్లోనూ అడవి నరికి కాల్చి సాగు చేస్తారు. ఆ మంట వేడికి మట్టిలో ఉన్నది పేలుతుంది, ఇంటి ముందు వంటకని పొయ్యి రాజేసినా దాని కింద ఒకటి ఉంటే అదీ పేలుతుంది. పాత ఇనుము అమ్మితే నాలుగు డబ్బులొస్తాయని ఏరుకునేవాళ్లు, వాళ్ల వెంట వెళ్లే పిల్లలు ఎంతమంది పోయారో. మన గాజువాక వైపు పాత ఇనుము ఏరుకుని బతికేవాళ్లని రోజూ చూస్తాం కదా, ఆ పూట గడవాలి కాబట్టే వాళ్లూ అది ముట్టుకుంటారు.

లెబనాన్ సంగతి ఇంకా దారుణం. 2006 యుద్ధంలో ఇజ్రాయెల్ వేసిన క్లస్టర్ బాంబుల్లో 90 శాతం చివరి 72 గంటల్లోనే వేశారని ఐక్యరాజ్యసమితి అధికారే చెప్పారు. యుద్ధం ఆగిపోతోందని తెలిసే వేశారు! దక్షిణాన పొగాకు చేలు, ఆలివ్ తోటలు కోతకొచ్చిన వేళకి కాలు పెట్టలేని స్థితి. అఫ్గానిస్థాన్‌లో 2001లో అమెరికా బాంబులూ పసుపు రంగే, ఆకలితో ఉన్న జనం కోసం విమానాల్లోంచి వేసిన ఆహార పొట్లాలూ పసుపు రంగే. రెంటినీ పొరబడొద్దని రేడియోలో చెప్పి, చివరికి పొట్లాల రంగు మార్చారు. పసిపిల్లలకి రేడియో హెచ్చరిక ఏం అర్థమవుతుందండీ?

ఇదంతా మనకెందుకు అనేవాళ్లుంటారు. ఈ మధ్య యుక్రెయిన్‌లో రష్యా వాడింది, యుక్రెయిన్ కూడా వాడింది, 2023 నుంచి అమెరికా దగ్గరుండి సరఫరా చేసింది. మెడిసిన్ చదవడానికి వెళ్లిన మన తెలుగు పిల్లలు ఎంతోమంది ఉన్న ఖార్కివ్‌లోనూ ఇవి పడ్డాయి. వాళ్లు ఇల్లు చేరేదాకా మన వీధుల్లో ఎంత టెన్షనో గుర్తుందిగా. మన ఇళ్లలో వాడే సన్‌ఫ్లవర్ నూనె యుద్ధానికి ముందు ఎక్కువగా వచ్చింది ఆ దేశం నుంచే. అక్కడ పేలని బాంబులు, మందుపాతరలు ఉన్న పొలాల్లోకి ట్రాక్టర్ దింపడానికి రైతులు ఇప్పుడు భయపడుతున్నారు.

అసలు విశాఖవాళ్లకి ఇది పరాయి విషయం కాకూడదు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మన ఊరి మీద బాంబులేశాయి. ఆ యుద్ధంలో ఇక్కడ పడి పేలకుండా మిగిలిన బాంబు ఒకటి బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఉంది. అది ఒక్కటి, పైగా పెద్దది, ఎవరికైనా కనపడుతుంది. గడ్డిలో, బురదలో వందలకొద్దీ ఉంటే ఎలా ఉంటుందో ఆలోచించండి.

వీటిని పూర్తిగా నిషేధిస్తూ 2008లో డబ్లిన్‌లో ఒప్పందం కుదిరింది, 2010 ఆగస్టు 1 నుంచి అమల్లో ఉంది, నూటికి పైగా దేశాలు చేరాయి. శ్రీలంక 2018లో చేరింది. మన దేశం చేరలేదు, పాకిస్థాన్, చైనా కూడా చేరలేదు. వాళ్లు చేరనప్పుడు మనమెలా చేరతాం అంటారు. సరిహద్దు భద్రత ముఖ్యమే, నేను కాదనను, నేవీ కుటుంబాల మధ్య ఉంటున్నదాన్ని. కానీ సరిహద్దులో యుద్ధమొస్తే ఆ పొలాలు ఎవరివి? 2001-02లో పాకిస్థాన్ సరిహద్దుకి మన సైన్యాన్ని తరలించిన ఆపరేషన్ పరాక్రమ్ అప్పుడు పంజాబ్, రాజస్థాన్ సరిహద్దుల్లో మన సైన్యం పాతిన మందుపాతరలవల్ల కాళ్లు పోగొట్టుకున్నది మన రైతులే, మన జవాన్లే. ఆయుధం వేరు కావచ్చు, నేలలో మిగిలిపోయి సొంతవాళ్లని పొట్టనపెట్టుకోవడం మాత్రం ఒకటే.

అందుకే అడుగుతున్నా. ఈ ఒప్పందంలో ఎందుకు చేరలేదో, చేరే ఆలోచన ఉందో లేదో పార్లమెంటులో అడగమని మన ఎంపీ గారికి విడిగా ఉత్తరం రాస్తున్నాను. మీరు కూడా ప్రభుత్వాన్ని అడగండి, వచ్చిన జవాబు అచ్చు వేయండి. ఈసారి ఎక్కడైనా కాల్పుల విరమణ అని హెడ్డింగ్ పెడితే, ఆర్నెల్ల తర్వాత ఆ ఊళ్లలో ఏం జరుగుతోందో కూడా ఒక అర పేజీ ఇవ్వండి.

ఇట్లు,
ఒక హైస్కూల్ సోషల్ టీచరు,
మర్రిపాలెం, విశాఖపట్నం